మ్యాగ్నిఫిసెంట్ అనే మాట ఎక్కడ పొసుగుతుంది, ఎక్కడ పొసగదు?

పానగల్‌బాట, నల్లగొండ

నల్లగొండ, పాలమూరు కలిపి మూడు రోజుల టూర్‌కు ఇంగ్లీషులో గైడ్ స్క్రిప్ట్ రాస్తున్న. వచ్చేటోళ్లలో బయటి రాష్ట్రాలవాళ్లు, విదేశాలవాళ్లు ఉంటరు. భువనగిరి కోట, పానగల్ ఛాయా సోమేశ్వరాలయం, నాగార్జునసాగర్, పాలమూరు పిల్లలమర్రి, వనపర్తి ప్యాలెస్, గద్వాల, ఆఖరుకు ఆలంపూర్. ఇదీ వరుస. ప్రతి చోటా మెచ్చుకోలు మాట ఒకటి పడాలె గదా, రాస్తుంటే ఎక్కడ చూసినా మ్యాగ్నిఫిసెంటే వచ్చి కూసుంటున్నది. వాక్యాలు ఇట్ల ఉన్నయి:

భువనగిరి ఫోర్ట్ ఈజ్ వెరీ మ్యాగ్నిఫిసెంట్.
ఛాయా సోమేశ్వర ఈజ్ ఎ మ్యాగ్నిఫిసెంట్ టెంపుల్ బికాజ్ ఆఫ్ ద షాడో.
వెన్ ద గేట్స్ ఆర్ ఓపెన్, సాగర్ లుక్స్ మ్యాగ్నిఫిసెంట్లీ.
పిల్లలమర్రి ఈజ్ ఎ మెజెస్టిక్ ట్రీ.
వనపర్తి ప్యాలెస్ ఈజ్ పలేషియల్.
గద్వాల్ శారీస్ ఆర్ మ్యాగ్నిఫిసెంట్.
ఆలంపూర్ హ్యాజ్ మ్యాగ్నిఫిసెంట్ టెంపుల్స్.

దీంట్ల ఏది నిలుస్తది, ఏది తీసెయ్యాలె? మెజెస్టిక్, గ్రాండ్, ఇంపోజింగ్‌లకు దీనికి తేడా ఏంది? వెరీ పెట్టొచ్చా? పలికేటప్పుడు ఒత్తు ఎక్కడ పడాలె? నిఘంటువు చూస్తే అన్నిటికీ ‘అద్భుతమైన, వైభవమైన’ అనే ఉన్నది. దాంతోని పని జరుగుతలేదు.


పాలమూరుటీచర్, మహబూబ్‌నగర్

తమ్ముడూ, నిఘంటువులో అర్థం ఒక్కటే ఉన్నా వాడుకలో ఒక్కో మాట ఒక్కో చోటే కుదురుకుంటుంది. ముందు మాట పుట్టుక చూడు. లాటిన్‌లో మాగ్నుస్ అంటే పెద్ద, ఫాకెరె అంటే చేయడం. ‘పెద్ద ఎత్తున చేసినది’ అనే భావం దాని వేరులోనే ఉంది. అందుకే మ్యాగ్నిఫిసెంట్ అనగానే ఇంగ్లీషు చదివేవాడి మనసులో మూడు సంగతులు కలిసి మెదులుతాయి: చూడ్డానికి విస్తారం, దానికి తగ్గ అందం, ఆ అందం వెనక పనితనం. మూడూ ఉంటే మాట నిండుగా ఉంటుంది. ఒకటి లోపిస్తే వాక్యం పేలవంగా అనిపిస్తుంది, ఎందుకో వినేవాడికీ చెప్పడం రాదు. ప్రకృతి దృశ్యాలకూ వాడతారు, అక్కడ పనితనం స్థానంలో ఆ దృశ్యం నిండుతనం నిలుస్తుంది. సూర్యాస్తమయం, లోయ, ఉప్పొంగే నది, వీటికి నిస్సంకోచంగా వాడొచ్చు.

ఇక వెరీ సంగతి. గుడ్, బిగ్, టాల్ లాంటి మాటలకు మెట్లు ఉంటాయి. కొంచెం పెద్ద, బాగా పెద్ద, చాలా పెద్ద. మ్యాగ్నిఫిసెంట్ అలా కాదు, పై మెట్టు మీదే పుట్టింది. ‘చాలా’ అన్న అర్థం దాని లోపలే ఉంది కాబట్టి వెరీ చేర్చితే బలం పెరగదు, తగ్గుతుంది. ఎ లిటిల్ మ్యాగ్నిఫిసెంట్, ఫెయిర్లీ మ్యాగ్నిఫిసెంట్ కూడా ఇంగ్లీషు వినేవాళ్లకు విచిత్రంగా ఉంటాయి. ఒత్తి చెప్పాల్సి వస్తే ట్రూలీ, అబ్సొల్యూట్లీ, సింప్లీ వాడు. ట్రూలీ మ్యాగ్నిఫిసెంట్ గైడ్ నోట హాయిగా ఉంటుంది. రియల్లీ రెండు రకాల మాటలకూ సరిపోతుంది. క్వైట్‌తో మాత్రం జాగ్రత్త. క్వైట్ గుడ్ అంటే ‘ఫరవాలేదు’ అనే ధ్వని రావొచ్చు, క్వైట్ మ్యాగ్నిఫిసెంట్ అంటే ‘పూర్తిగా మహాద్భుతం’. ఒకే క్వైట్, పక్క మాటను బట్టి అర్థం మారుతుంది. అది తెలిసేదాకా క్వైట్ జోలికి పోకపోవడం మేలు.

పోల్చడానికి అడ్డు లేదు. మోర్ మ్యాగ్నిఫిసెంట్, ద మోస్ట్ మ్యాగ్నిఫిసెంట్ రెండూ సరైనవే. ‘ద మోస్ట్ మ్యాగ్నిఫిసెంట్ ఆఫ్ ద నైన్’ అని ఆలంపూర్‌లో స్వర్గబ్రహ్మాలయం ముందు నిలబడి అనొచ్చు.

సాగర్ వాక్యంలో పొరపాటు మన తెలుగు నుంచే వస్తుంది. ‘గుడి అద్భుతంగా ఉంది, అద్భుతంగా కనిపిస్తుంది’ అంటాం. ఆ ‘గా’ చూసి ఇంగ్లీషులో ఎల్‌వై తగిలిస్తాం. ఇంగ్లీషులో ఈజ్, లుక్స్, సీమ్స్, సౌండ్స్, టేస్ట్స్ తర్వాత విశేషణమే రావాలి. సాగర్ లుక్స్ మ్యాగ్నిఫిసెంట్. అంతే. ఎల్‌వై రూపం పనిని వర్ణించేటప్పుడు వస్తుంది: షి డాన్స్‌డ్ మ్యాగ్నిఫిసెంట్లీ. లేదా మరో విశేషణం ముందు వస్తుంది: మ్యాగ్నిఫిసెంట్లీ కార్వ్‌డ్ పిల్లర్స్. ‘చెక్కిన’ అన్నదాన్ని అది వర్ణిస్తోంది కాబట్టి అక్కడ సరైనది. తరగతిలో ఎక్కువమంది జారేది ఈ లుక్స్ దగ్గరే. వెరీ కన్నా ఇది పెద్ద తప్పు, ముందు దీన్ని దిద్దుకో.

ఇంకోటి. విశేషణాలు రెండుమూడు వరసగా వస్తే మన అభిప్రాయం చెప్పే మాట ముందుండాలి. తర్వాత పరిమాణం, వయసు, ఆకారం, రంగు, చివరికి దేంతో చేశారో ఆ పదార్థం. ఎ మ్యాగ్నిఫిసెంట్ ఓల్డ్ స్టోన్ టెంపుల్. దాన్ని స్టోన్ ఓల్డ్ మ్యాగ్నిఫిసెంట్ అని తిప్పితే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు అక్కడే ఆగిపోతాడు.


అచ్చుదిద్దేవాడు, సూర్యాపేట

పలకడం, రాయడం రెండూ ఇక్కడ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మనవైపు చాలామంది ‘మ్యాగ్నిఫిషెంట్’ అంటారు. చివర ‘షెంట్’ అని పలికే అలవాటు ఉన్నవాళ్లు రాసేటప్పుడు సి తర్వాత ఇంకో ఐ చేర్చేస్తారు. బ్యానర్లలో, ఆహ్వానాలలో, సన్మాన పత్రాలలో ఈ తప్పు కోకొల్లలు. ఎఫిషెంట్, సఫిషెంట్ మాటల్లో సి తర్వాత ఐ ఉంది కాబట్టి ‘ష’ వినిపిస్తుంది. మ్యాగ్నిఫిసెంట్‌లో సి తర్వాత నేరుగా ఇ వస్తుంది కాబట్టి ‘స’ పలకాలి. వరుసగా రాస్తే ఎం, ఏ, జి, ఎన్, ఐ, ఎఫ్, ఐ, సి, ఇ, ఎన్, టి. మొత్తం 11 అక్షరాలు, ఐ రెండుసార్లే. మూడో ఐ కనబడితే తప్పు. సరిగ్గా ‘స’ పలకడం మొదలుపెడితే రాతలో తప్పు దానంతట అదే పోతుంది.

ఒత్తు రెండో ముక్క మీద పడాలి: మ్యాగ్-నిఫ్-ఇ-సెంట్. ‘నిఫ్’ దగ్గర గొంతు లేవాలి, మిగతా మూడూ తేలిగ్గా పోవాలి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ సమానంగా పలుకుతాం కాబట్టి మనకు ఇది కష్టం. నాలుగు ముక్కలకూ సమానంగా ఒత్తిస్తే వినేవాళ్లు మాటను పట్టుకోవడానికి క్షణం తడుముకుంటారు. మైకులో మాట్లాడే గైడ్‌కు ఆ క్షణం కూడా నష్టమే. నామవాచకం మ్యాగ్నిఫిసెన్స్‌లోనూ ఒత్తు అక్కడే.

పక్కనే ఇద్దరు బంధువులున్నారు, కలిపేయకండి. మ్యూనిఫిసెంట్ అంటే ధారాళంగా దానం చేసేవాడు, లేక ఆ దానం. గుడికి భూరి విరాళం ఇచ్చిన దాత మ్యూనిఫిసెంట్ డోనర్. మ్యాగ్నిఫిసెంట్ డోనర్ అంటే దాత చూడముచ్చటగా ఉన్నాడన్నట్టు అవుతుంది. రెండోది మ్యాగ్నానిమస్. విశాల హృదయం, తప్పు చేసినవాణ్ని క్షమించే పెద్దమనసు. ఓడించిన రాజును గౌరవంగా చూసిన రాజు మ్యాగ్నానిమస్. శిలాఫలకాల మీద ఈ మూడూ ఒకదాని బదులు ఒకటి పడ్డాయంటే రాయి మీద కాబట్టి దిద్దడమూ కుదరదు. చెక్కించే ముందే చూసుకోవాలి.


కృష్ణాతీరం, గద్వాల

ఒక్కో చోటుకు ఒక్కో మాట చెప్తా. గైడ్ పనికి ఇదే ముఖ్యం.

భువనగిరి: ఇక్కడ మ్యాగ్నిఫిసెంట్ తీసెయ్. కింద నిలబడి చూసినవాడికి తోచేది కోట అందం కాదు, ఆ ఏకశిల భారం. 500 అడుగులు దాటిన ఒంటి బండ, గుడ్డు ఆకారంలో, మీద కోటగోడ. దానికి మాట ఇంపోజింగ్. ఎదురుగా ఉండి మనల్ని చిన్నవాళ్లను చేసేది, కొంచెం జంకు పుట్టించేది ఇంపోజింగ్. అది మెచ్చుకోలే, కానీ ప్రేమ కాదు, గౌరవం. కోట కట్టించింది పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడనే బిరుదు ఉన్నవాడు. ఆ బిరుదు మీదే ఊరికి త్రిభువనగిరి, భువనగిరి అన్న పేరు వచ్చిందని చెప్తారు. వాక్యంలో బండను పెట్టు: యాన్ ఇంపోజింగ్ సింగిల్ రాక్, ఓవర్ ఫైవ్ హండ్రెడ్ ఫీట్ హై, విత్ ఎ ఫోర్ట్ ఆన్ టాప్.

పానగల్: నీ వాక్యంలో ‘బికాజ్ ఆఫ్ ద షాడో’ అన్నావు. నీడ గొప్పతనం పరిమాణంలో లేదు, ఉపాయంలో ఉంది. మూడు గర్భగుళ్లు ఒకే మంటపం చుట్టూ ఉన్న త్రికూటాలయం అది. ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ రోజంతా కదలకుండా నిలుస్తుంది. సూర్యుడు తిరుగుతున్నా నీడ తిరగదు. ఒక్క స్తంభం నీడ అనిపిస్తుంది గానీ చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి వెలుగు చెదిరి లోపలికి వచ్చేలా కట్టిన అమరిక అది. దానికి ఇంజీనియస్ అన్న మాట సరిపోతుంది. తెలివిగా ఆలోచించి కట్టినది. లేదా రిమార్కబుల్. మ్యాగ్నిఫిసెంట్ అంటే వచ్చినవాడు ఆకాశాన్నంటే గోపురం ఉంటుందనుకుంటాడు, వచ్చి చూసి చిన్నబోతాడు. గుడి తప్పు కాదు, మాట తప్పు. ఇంజీనియస్‌ను జీనియస్‌తో కలపొద్దు, పలికేటప్పుడు ముందున్న ‘ఇన్’ స్పష్టంగా వినిపించాలి.

సాగర్: డ్యాంకు మ్యాసివ్, గేట్లు ఎత్తినప్పటి దృశ్యానికి మ్యాగ్నిఫిసెంట్. రెండూ వేరు. 124 మీటర్ల రాతి కట్టడం మ్యాసివ్ అంటే చాలు, భారీ అన్న అర్థమే అక్కడ కావలసింది. 26 క్రెస్ట్ గేట్ల నుంచి కృష్ణమ్మ తెల్లగా దుముకుతుంటే ఎ మ్యాగ్నిఫిసెంట్ సైట్. ఈ సైట్ అంటే చూపు, దృశ్యం. స్థలం అన్న సైట్‌కు స్పెల్లింగ్ వేరు, కరపత్రంలో పొరపాటున మారిపోకుండా చూసుకో. గేట్లు ఎప్పుడూ ఎత్తి ఉండవు కాబట్టి స్క్రిప్ట్‌లో ఈ వాక్యాన్ని విడిగా పెట్టుకో. ఎండాకాలం వచ్చినవాళ్లకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి, రాతితో కట్టిన తీరు చెప్పు. నీళ్లు లేనిచోట మ్యాగ్నిఫిసెంట్ సైట్ అనొద్దు.

పిల్లలమర్రి: మెజెస్టిక్ సరిగ్గా పడింది, ముట్టుకోకు. మెజెస్టిక్‌లో ఉన్నది రాజసం. మెజెస్టీ అంటే రాజుకు వాడే మాట కదా, అదే. కదలకుండా, తొందర లేకుండా, తన ఠీవి తనదిగా ఉండేదానికి వాడతారు. పర్వతం, సింహం, గద్ద, మహావృక్షం, నిండుగా పారే నది. సుమారు 700 ఏళ్ల మర్రి, 3 ఎకరాలకు పైగా ఊడలు దిగి, ఏది మొదటి మానో గుర్తుపట్టలేని చెట్టు. మెజెస్టిక్ కాక ఏమంటాం? చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, అది తప్పకుండా చెప్పు. వచ్చినవాళ్లు చెట్టుకు సెలైన్ పెట్టారా అని ఆసక్తిగా అడుగుతారు. ఇంకో చిక్కు, సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరి పేరు కూడా పిల్లలమర్రే. ఇంగ్లీషులో ద పిల్లలమర్రి బనియన్ అని రాస్తే చెట్టు ఏదో ఊరు ఏదో తెలిసిపోతుంది.

వనపర్తి: పలేషియల్ అంటే ప్యాలెస్‌లా ఉన్నది. ఇల్లు, హోటలు, బంగళా పలేషియల్ అవుతాయి. ప్యాలెస్‌ను పలేషియల్ అంటే రాజభవనం రాజభవనంలా ఉందన్నట్టు. స్టేట్లీ వాడు: హుందాగా, తీరుబడిగా నిలిచిన పాత సంస్థానపు భవనం. పాలిటెక్నిక్ కళాశాల నడిచిన ప్యాలెస్ అని చెప్తే వినేవాళ్లకు ఇంకా గుర్తుంటుంది.

గద్వాల చీర: ఇది నా ఊరి మాట కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తున్నా. చీరకు మ్యాగ్నిఫిసెంట్ వాడితే తప్పు కాదు, పట్టుచీర కట్టి మెరిసిన మనిషికి ఆ మాట అనొచ్చు. కానీ గద్వాల చీర గొప్ప ఎక్కడుందో ఆ మాట చూపించదు. ఒళ్లంతా నూలు, అంచు కొంగు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ కలిసేచోట ఒక్కో పోగునూ చేత్తో ముడివేస్తూ నేస్తారు, కుప్పడం నేత అంటాం. చీర తిరగేసి ఆ కలిసిన గీతను వేలితో తడిమితే పని తెలుస్తుంది. అంత సన్నటి పనికి ఇంగ్లీషులో ఎక్స్‌క్విజిట్. దగ్గరకు తీసుకుని చూడవలసిన అందానికి అది మాట, దూరంగా నిలబడి తలెత్తి చూడవలసినదానికి మ్యాగ్నిఫిసెంట్. పోచంపల్లి ఇక్కత్‌కూ ఎక్స్‌క్విజిట్, లేదా డిజైన్ చిక్కుదనాన్ని చెప్పాలంటే ఇంట్రికేట్. సంప్చ్యుయస్ అని కొందరు రాస్తారు. అందులో ఖర్చు, విలాసం ధ్వనిస్తాయి, విందుభోజనానికి బాగుంటుంది. నేతపనికి నాకు నచ్చదు.

ఆలంపూర్: ఇక్కడ ఉంచు, మొత్తం స్క్రిప్ట్‌లో మ్యాగ్నిఫిసెంట్ నిజంగా దక్కవలసింది దీనికే. తుంగభద్ర ఒడ్డున తొమ్మిది గుళ్లు, 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యుల పని. మన దక్షిణాదిలో అరుదైన ఉత్తరాది శైలి శిఖరాలు, ఒంపు తిరిగి పైకి పోయి చివర ఉసిరికాయ ఆకారపు ఆమలకం. విస్తారం ఉంది, అందం ఉంది, పనితనం ఉంది. టీచర్ గారు చెప్పిన మూడూ ఉన్నాయి. ఒక్క సంగతి, బాలబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని పేర్లున్నా అన్నీ శివాలయాలే. నవబ్రహ్మ టెంపుల్స్ అని ఊరికే వదిలేస్తే చదివినవాడు బ్రహ్మదేవుడి గుళ్లనుకుంటాడు. డెడికేటెడ్ టు శివ అని పక్కనే చేర్చు.


పానగల్‌బాట, నల్లగొండ

కృష్ణాతీరం అన్నా, బాగా చెప్పినవు. ఇంజీనియస్, స్టేట్లీ, ఎక్స్‌క్విజిట్ రాసుకున్న. ఇంకా రెండు మూడు అడుగుత. స్వాగతం చెప్పేటప్పుడు ‘దిస్ అగస్ట్ గ్యాదరింగ్’ అంటరు గదా, టూరిస్టులకు అది నడుస్తదా? బోనాలు, బతుకమ్మ గురించి రాస్తూ ‘సెలబ్రేటెడ్ గ్రాండ్లీ’ అని పెట్టిన. ఒక దోస్తు దాన్ని ‘పాంపస్ సెలబ్రేషన్’ చెయ్యమన్నడు. ఇంకా మనిషికి మ్యాగ్నిఫిసెంట్ వాడొచ్చా?


కోటగుట్ట, దేవరకొండ

పాంపస్ వెంటనే కొట్టెయ్. పాంప్ అంటే ఆర్భాటం, అది మంచి మాటే. విత్ పాంప్ అండ్ గెయిటీ అని రాయొచ్చు. పాంపస్ మాత్రం తానేదో గొప్ప అని విర్రవీగే మనిషికి, డాబుసరి మాటకు వాడేది. బతుకమ్మను పాంపస్ అంటే పండుగను తిట్టినట్టే. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి పొగడ్త, ఇంకోటి తిట్టు. గ్రాండ్, గ్రాండియోస్‌లకూ ఇదే తేడా. గ్రాండ్ మెచ్చుకోలు. గ్రాండియోస్ అంటే శక్తికి మించి, అవసరానికి మించి పెద్దదిగా ఊహించుకున్నది. గ్రాండియోస్ ప్లాన్ అంటే అయ్యేది కాదు పొయ్యేది కాదు అన్న చిన్నచూపు ఉంటుంది. చివర ఓస్ చేరితే ఇంకా గొప్పగా వినిపిస్తుందని ఆలంపూర్‌కు గ్రాండియోస్ తగిలించకు.

సెలబ్రేటెడ్ గ్రాండ్లీ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, పత్రికలూ రాస్తాయి. విదేశీయులకు వింతగా వినిపిస్తుంది. ఆన్ ఎ గ్రాండ్ స్కేల్ అను, సాఫీగా పోతుంది. పెళ్లి గ్రాండ్‌గా చేశారు అని మనం రోజూ అనేదానికి ఇంగ్లీషులో ఎ లావిష్ వెడ్డింగ్ దగ్గరగా ఉంటుంది. అక్కడ ఖర్చు తెలియాలి కదా, లావిష్‌లో అది ఉంది.

అగస్ట్ గ్యాదరింగ్ వద్దు. అగస్ట్ అంటే పెద్దరికం, పూజ్యత ఉన్న సభ. న్యాయమూర్తులు, పండితులు కూర్చున్న వేదికకు అది. బస్సు దిగి నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు వెల్కం చాలు. ఒకవేళ వేరే సభలో వాడాల్సి వస్తే ఒత్తు మార్చి పలకాలి. నెల పేరుకు మొదటి ముక్క మీద ఒత్తు, ఈ విశేషణానికి రెండో ముక్క మీద: అ-గస్ట్. ఒత్తు తప్పితే నెల పేరు వినిపిస్తుంది.

మనుషులకు వాడేటప్పుడు చేసిన పనిని చూసి వాడతారు. షి వాజ్ మ్యాగ్నిఫిసెంట్ అంటే ఆ సమయంలో ఆమె చేసిన పని మహాద్భుతం అని. ఎ మ్యాగ్నిఫిసెంట్ ఇన్నింగ్స్, ఎ మ్యాగ్నిఫిసెంట్ పర్ఫార్మెన్స్ వినే ఉంటావు. హి ఈజ్ ఎ మ్యాగ్నిఫిసెంట్ పర్సన్ అంటే మంచివాడనా, అందగాడనా, ధనవంతుడనా తెలియదు. మంచితనం చెప్పాలంటే ఆ మాటే నేరుగా చెప్పు.

చరిత్రలో మాత్రం అది బిరుదుగా నిలిచింది. 1520 నుంచి 1566 దాకా ఏలిన ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్‌ను యూరప్‌వాళ్లు సులేమాన్ ద మ్యాగ్నిఫిసెంట్ అన్నారు. ఫ్లోరెన్స్‌లో 1449 నుంచి 1492 దాకా బతికిన లోరెంజో దె మెదిచిని ఇటాలియన్‌లో ఇల్ మాగ్నిఫికో అన్నారు. అక్కడ అర్థం ఒడ్డూపొడవు కాదు. పెద్ద పనుల మీద, కళల మీద, భవనాల మీద తగినట్టు ఖర్చుపెట్టగల ఘనుడు. ఆరిస్టాటిల్ కూడా దీన్ని ఒక సద్గుణంగా లెక్కించాడు. తగిన పనికి తగినంత పెద్ద ఎత్తున ఖర్చు చేయడం గుణమనీ, అక్కర్లేని చోట మెరుపుల కోసం వెదజల్లడం దోషమనీ తేడా చూపాడు. కోటలు, గుళ్లు కట్టించిన రాజుల గురించి చెప్పేటప్పుడు ఈ పాత అర్థం నీకు పనికొస్తుంది. మన రాచకొండ, దేవరకొండ పాలకులకు ఎవరైనా ఇంగ్లీషులో మ్యాగ్నిఫిసెంట్ తగిలిస్తే అది ఆ లెక్కన అర్థం చేసుకోవాలి.


పాలమూరుటీచర్, మహబూబ్‌నగర్

కోటగుట్ట గారు చెప్పినదానికి ఒకటి చేరుస్తా. మాట మార్చినంత మాత్రాన వాక్యం నిలబడదు. మ్యాగ్నిఫిసెంట్ అని ఊరుకుంటే అది నీ తీర్పు మాత్రమే, వినేవాడికి చూపించింది ఏమీ లేదు. పక్కనే కంటికి కనిపించే ఒక్క వివరం పెట్టాలి. ‘ద మ్యాగ్నిఫిసెంట్ టెంపుల్స్ ఆఫ్ ఆలంపూర్’ అని ఆపకుండా, శిఖరం ఒంపు గురించో తుంగభద్ర ఒడ్డు గురించో నాలుగు మాటలు వెంటనే రావాలి. ముందు వివరం చెప్పి ఆఖర్న మ్యాగ్నిఫిసెంట్ అంటే ఇంకా బాగుంటుంది, అప్పటికి వినేవాడే ఆ మాట దగ్గరికి వచ్చేసి ఉంటాడు. మూడు రోజుల స్క్రిప్ట్‌లో ఈ మాట రెండు చోట్ల చాలు. సాగర్ గేట్లకు ఒకటి, ఆలంపూర్‌కు ఒకటి. గేట్లు మూసి ఉన్న రోజుల్లో ఆలంపూర్‌కు ఒక్కటే.

మైకులో మాట్లాడుతున్నప్పుడు ఆశ్చర్యార్థకంగా కూడా వస్తుంది కాబట్టి ఆర్టికల్ చూసుకో. లెక్కపెట్టగలిగే వస్తువైతే ఏకవచనానికి ‘ఎ’ తప్పనిసరి: వాట్ ఎ మ్యాగ్నిఫిసెంట్ స్పైర్! బహువచనమైతే ఎ ఉండదు: వాట్ మ్యాగ్నిఫిసెంట్ స్పైర్స్! లెక్కకు రాని మాటైతేనూ ఎ ఉండదు: వాట్ మ్యాగ్నిఫిసెంట్ సీనరీ! మనవాళ్లు సీనరీస్ అని బహువచనం చేస్తారు, ఇంగ్లీషులో ఆ వాడుక లేదు. సోమశిల దగ్గర కృష్ణ ఒంపు చూపించేటప్పుడు వ్యూస్ అనాలి, అది లెక్కకు వస్తుంది: మ్యాగ్నిఫిసెంట్ వ్యూస్ ఆఫ్ ద రివర్.

‘ఎ’, ‘యాన్’ సంగతి కూడా. మ్యాగ్నిఫిసెంట్ ముందు ఎ, ఇంపోజింగ్ ముందు యాన్, ఇంజీనియస్ ముందు యాన్, ఎక్స్‌క్విజిట్ ముందు యాన్, స్టేట్లీ ముందు ఎ. మాటలు మార్చినప్పుడు ముందున్న ఎ మార్చడం మర్చిపోయి, ‘ఎ ఇంపోజింగ్ రాక్’ అని అచ్చయిపోతుంది. స్క్రిప్ట్ దిద్దాక ఈ ఒక్కదాని కోసం మొదటి నుంచి మళ్లీ చదువు.


అచ్చుదిద్దేవాడు, సూర్యాపేట

ఎక్స్‌క్విజిట్‌కు ఒత్తు రెండు రకాలుగా పలుకుతారు, మొదటి ముక్క మీదా రెండో ముక్క మీదా. రెండూ నిఘంటువుల్లో ఉన్నాయి, ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండు. ఇంపోజింగ్‌లో ‘పో’ మీద ఒత్తు, తర్వాతది ‘జ’ ధ్వని, ‘స’ కాదు. మెజెస్టిక్‌లో ‘జెస్’ మీద ఒత్తు. మెజెస్టీ అన్నప్పుడు మాత్రం అది మొదటి ముక్క ‘మెజ్’ మీదికి వస్తుంది, విశేషణం కాగానే రెండో ముక్క మీదికి జరుగుతుంది. ఈ ఒత్తులన్నీ స్క్రిప్ట్ అంచున పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని రెండుసార్లు పైకి చదివితే బస్సులో నాలుక తడబడదు.